సీటు బెల్టు వేలాడుతోందా?

కారు దిగి తలుపు వేయబోతే ఏదో అడ్డుపడుతుంది. చూస్తే బెల్టు చివరనున్న లోహపు నాలుక తలుపు సందులో ఇరుక్కుని ఉంటుంది. బెల్టు విప్పాక అది తనంతట తాను పైకి పోయి స్తంభానికి అంటుకుని ఉండాలి. పోవడం లేదు. జానెడో మూరెడో వేలాడుతోంది. మెకానిక్కుకు చూపిస్తే 'స్ప్రింగు పోయింది సార్, మొత్తం సెట్టు మార్చాలి' అంటాడు. నిజమే కావచ్చు. కానీ చాలా కార్లలో నేరం స్ప్రింగుది కాదు. భుజానికి పైన, బెల్టు దూరి కిందికి మళ్ళే రింగు ఒకటి ఉంటుంది చూడండి, దానికి పట్టిన జిడ్డుది.

మనం ఇప్పుడు వాడుతున్న మూడు బిందువుల బెల్టును 1959లో స్వీడన్‌లో వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించాడు. అంతకుముందు ఆయన యుద్ధవిమానాల నుంచి పైలట్లను బయటికి ఎగరేసే సీట్ల మీద పనిచేశాడు. ఆ పేటెంటును వోల్వో మిగతా కంపెనీలన్నిటికీ వదిలేసింది. అయితే ఆనాటి బెల్టుకు రీలు లేదు. ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్ళు చేత్తో బిగించుకోవాల్సిందే. తనంతట తాను చుట్టుకునే, కుదుపు వస్తే బిగుసుకునే రీలు తర్వాత వచ్చిన సౌకర్యం. మన ఫిర్యాదంతా దాని గురించే.

రెండు తలుపుల మధ్య స్తంభం అడుగున, ప్లాస్టిక్ కవచం వెనుక ఆ రీలు ఉంటుంది. దాని పక్కన చుట్టలు చుట్టిన పలుచని ఉక్కు పట్టీయే స్ప్రింగు. బెల్టు లాగితే స్ప్రింగు బిగుస్తుంది, వదిలితే విప్పుకుంటూ బెల్టును లోపలికి చుట్టేస్తుంది. ఈ స్ప్రింగును కావాలనే బలహీనంగా పెడతారు. గట్టి స్ప్రింగు పెడితే ప్రయాణమంతా ఛాతీ మీద ఎవరో చెయ్యేసి నొక్కుతున్నట్టుంటుంది, జనం బెల్టే పెట్టుకోరు. యూరప్ కార్లు పాటించే ఐక్యరాజ్యసమితి నిబంధన 16 ప్రకారం ఈ లాగుడు బలం 7 న్యూటన్లు దాటకూడదు. అంటే ముప్పావు కిలో బరువు కన్నా తక్కువే. ప్రమాదంలో మనిషిని ఆపేది స్ప్రింగు కాదు, రీలుకున్న పళ్ళచక్రంలో పడే తాళం. ఆ రెండు పనులూ వేరు.

అసలే చిన్న బలం. దాన్ని రింగు ఎలా మింగేస్తుందో చూద్దాం. బెదిరిన గేదెను ఆపాలంటే రైతు తాడును గుంజకు ఒకటి రెండు చుట్లు వేసి కొస పట్టుకుంటాడు. అంత పశువూ ఒంటిచేత్తో ఆగిపోతుంది. చుట్టు పెరిగేకొద్దీ రాపిడి కూడికలా కాక హెచ్చవేతలా పెరగడమే కారణం. బెల్టు కూడా రింగు మీద దాదాపు అరచుట్టు తిరుగుతుంది. రాపిడి గుణకం 0.2 అనుకుంటే స్ప్రింగు బలంలో సగానికి కాస్త ఎక్కువే రింగు దాటి మన వైపుకు వస్తుంది. జిడ్డు పట్టి గుణకం 0.4కు పెరిగితే వచ్చేది నాలుగో వంతుకు కాస్త పైన. 0.6 అయితే ఏడో వంతే. స్ప్రింగు మారలేదు, బెల్టు మారలేదు, మధ్యలో ఉన్న వేలెడు ప్లాస్టిక్ ఉపరితలం మారిందంతే.

ఆ జిడ్డు ఎక్కడిదంటే మన మెడ చెమట, తలనూనె, పౌడరు, వేసవిలో కిటికీ దించుకుని నడిపినప్పుడు చేరిన దుమ్ము. అన్నీ కలిసి రింగు లోపలి అంచున నల్లటి పొరలా పేరుకుంటాయి. బెల్టు చివరి జానెడే ఎందుకు మొరాయిస్తుందంటే, దాదాపు చుట్టుకోవడం అయిపోయేసరికి స్ప్రింగు బిగువు కనిష్ఠానికి వస్తుంది. సరిగ్గా అప్పుడే బెల్టు నిలువునా కిందికి వేలాడి రింగు మీద ఒంపు ఎక్కువవుతుంది. వేలాడిన బెల్టు తలుపులో పడి గ్రీజు, మట్టి అంటించుకుంటుంది, దాంతో రాపిడి ఇంకా పెరుగుతుంది.

నేరం ఎవరిదో తేల్చడం సులువు. బెల్టును మీటరు దాకా బయటికి లాగండి. రింగుకు కింద, రీలు వైపు కనిపించే భాగాన్ని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో భుజం వైపు బెల్టును రింగులోంచి నెడుతూ వదులు ఇవ్వండి. రీలు ఆ వదులును చకచకా లాగేసుకుంటే స్ప్రింగు ఆరోగ్యంగా ఉన్నట్టే, కడగాల్సింది రింగును, బెల్టును. అక్కడా నీరసంగానే ఉంటే రీలు సంగతి చూడాలి. ముందుగా బెల్టు రింగులో మడతపడలేదని చూసుకోండి. కొన్నిసార్లు ఆ మడత విప్పితే పని అయిపోతుంది.

శుభ్రం చేయడానికి బెల్టును పూర్తిగా బయటికి లాగి, మళ్ళీ లోపలికి పోకుండా రింగు కింద ఒక క్లిప్పు బిగించాలి. గోరువెచ్చటి నీళ్ళలో కాస్త షాంపూ కలిపి, మెత్తటి బ్రష్‌తో పట్టీ పొడవునా రుద్ది, తడిగుడ్డతో నురగ తీసేయాలి. రింగు లోపలికి స్పిరిట్‌లో తడిపిన గుడ్డ పెట్టి అటూ ఇటూ లాగితే నల్లటి పొర ఊడొస్తుంది. పూర్తిగా ఆరాకే క్లిప్పు తీయాలి. తడి బెల్టు రీలులోకి పోతే బూజు పడుతుంది. బ్లీచింగు ద్రావకం, పెట్రోలు, థిన్నరు దగ్గరికి రానీయకండి, పట్టీ నూలు దెబ్బతినవచ్చు. జారుతుంది కదా అని నూనె పూయడమూ తప్పే. రెండు వారాలకే దుమ్మంతా దానికి అంటుకుని మొదటికి వస్తుంది.

ఇక్కడితో ఇంటి పని ముగిసింది. రీలు విప్పకండి. లోపలి స్ప్రింగు ఎగిరి చేతులు కోస్తుంది, దాన్ని మళ్ళీ అంతే బిగువుతో అమర్చడం మామూలు చేతులకు అయ్యే పని కాదు. అంతకన్నా పెద్ద కారణం ప్రీటెన్షనర్. ఎయిర్‌బ్యాగులున్న చాలా కార్లలో రీలుకు చిన్న మందుగుండు జోడించి ఉంటుంది. ఢీకొన్న క్షణంలో, సెకనులో కొన్ని వేలవంతుల్లోనే అది పేలి బెల్టును వెనక్కి గుంజుతుంది. దాని వైర్లతో ఆడుకోవడం పటాకా ఒత్తితో ఆడుకోవడమే. రీలు చెడిందని తేలితే కొత్తది వేయించడమే మార్గం.

బెల్టు లాగితే రాకపోవడం వేరే సంగతి, అది తరచూ జబ్బు కాదు. రీలు దగ్గర ఒక చిన్న గుండో లోలకమో ఉంటుంది, కారు వాలినా హఠాత్తుగా ఆగినా అది కదిలి తాళం వేస్తుంది. ఘాట్ రోడ్డు మీద వాలులో ఆపినప్పుడు బెల్టు రాకపోతే కంగారు అక్కర్లేదు. సమతల నేల మీదా అలాగే ఉంటేనే అనుమానించాలి.

వదులు బెల్టుతో ఏమవుతుందిలే అనుకునేవారికి ఒక చిన్న లెక్క. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో కారు గోడను గుద్దింది. బండి నలగడం, బెల్టు సాగడం కలిసి మనిషి ఆగడానికి 60 సెంటీమీటర్లు దొరికాయనుకుందాం. సగటున గురుత్వాకర్షణకు 16 రెట్ల బలం శరీరం మీద పడుతుంది. బెల్టు 10 సెంటీమీటర్లు వదులుగా ఉంటే ఆ మేరకు దూరం వృథా, బలం 20 రెట్లకు చేరుతుంది. 70 కిలోల మనిషి పక్కటెముకల మీద అది అదనంగా 200 కిలోలకు పైబడిన బరువు. ప్రీటెన్షనర్ కొంత వదులును లాగేస్తుంది గానీ దానికీ హద్దుంది. బెల్టు వదులుగా నిలిచేందుకు పెట్టుకునే క్లిప్పులైనా, పోలీసుల కోసం మెడ మీంచి ఊరికే వేసుకునే బెల్టయినా ఈ లెక్కలోకే వస్తాయి.

పాత కారు కొనేటప్పుడు ఇంజను శబ్దం వినడానికి పెట్టే శ్రద్ధలో కొంత ఇటూ పెట్టండి. వెనుక సీట్లవి సహా ప్రతి బెల్టునూ చివరిదాకా లాగి చూడండి. అంచులు చీలినా, నూలు పోగులు లేచినా, గట్టి ప్రమాదంలో ఒకసారి బరువు మోసిందని తెలిసినా ఆ బెల్టు మళ్ళీ వాడకూడదు. కడిగినా లాభం లేదు, దాని ధర బేరంలో తగ్గించుకుని కొత్తది వేయించుకోండి.