వంద పేజీల ప్రాజెక్టు రిపోర్టును వర్డ్‌లో సర్దుకోవడం ఎలా?

డిగ్రీ చివరి సంవత్సరంలోనో, పీజీ నాలుగో సెమిస్టర్‌లోనో మన హాస్టల్ విద్యార్థుల్లో చాలామందికి ఎదురయ్యే పెద్ద పని ప్రాజెక్టు రిపోర్టు. అప్పటిదాకా రాసినవి నాలుగైదు పేజీల అసైన్‌మెంట్లు. ఒక్కసారిగా ఎనభై, వంద పేజీలు టైపు చేయాల్సి వస్తుంది. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాణ్ణి నేనే. మీలో ఎంతోమంది పరిస్థితీ ఇదే. ఇలాంటి పని ఎలా చేయాలో ఇంట్లో అడుగుదామంటే చెప్పేవాళ్ళుండరు. అలాంటి తమ్ముళ్ళ కోసమే ఈ వ్యాసం.

రిపోర్టులో విషయం ఎంత బాగున్నా, గైడు గారు "మూడో అధ్యాయాన్ని ముందుకు తీసుకురావయ్యా" అన్నారంటే పేజీ నంబర్లు, విషయసూచిక, పట్టికల నంబర్లు అన్నీ మారిపోతాయి. చేత్తో దిద్దుకుంటూ కూర్చుంటే రాత్రులు గడిచిపోతాయి. డీటీపీ సెంటరుకు వెళితే ప్రతి దిద్దుబాటుకూ మళ్ళీ డబ్బులు. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందోనని ఎదురుచూసే మనకు అది చిన్న ఖర్చు కాదు. ఈ పనంతా మైక్రోసాఫ్ట్ వర్డే చేసిపెడుతుంది. అయితే ఏది శీర్షికో, ఏది మామూలు పేరానో ముందుగా మనం దానికి చెప్పాలి.

రాజ్యాంగం చూపే దారి

1949 నవంబరు 26న ఆమోదం పొందినప్పుడు మన రాజ్యాంగంలో 22 భాగాలు, 395 అధికరణలు, 8 షెడ్యూళ్ళు ఉండేవి. అంత పెద్ద గ్రంథంలో అంటరానితనం నిషేధం ఎక్కడుందో చూడాలంటే మొదటి నుంచీ చదవనక్కరలేదు. మూడో భాగం ప్రాథమిక హక్కులు. అందులో సమానత్వపు హక్కు అనే ఉపశీర్షిక. దాని కింద 17వ అధికరణ. మూడు మెట్లు దిగితే చాలు, కావలసిన చోటికి చేరతాం.

మన రిపోర్టుకూ ఇలాంటి మెట్లే కావాలి. వర్డ్‌లో హోమ్ ట్యాబ్‌లోని స్టైల్స్ అనే చోట హెడింగ్ 1, హెడింగ్ 2, హెడింగ్ 3 ఉంటాయి. అధ్యాయం పేరు మీద కర్సర్ పెట్టి హెడింగ్ 1 నొక్కండి. అధ్యాయంలోని విభాగాలకు హెడింగ్ 2, వాటిలోని చిన్న విభాగాలకు హెడింగ్ 3. కీబోర్డు మీద కంట్రోల్, ఆల్ట్, 1 కలిపి నొక్కినా హెడింగ్ 1 వస్తుంది. అక్షరాలను బోల్డ్ చేసి సైజు పెంచినంత మాత్రాన అది శీర్షిక అని కంప్యూటరుకు తెలియదు. హెడింగ్ రంగు, సైజు నచ్చకపోతే స్టైల్ మీద రైట్ క్లిక్ చేసి మాడిఫై ద్వారా మార్చండి. ఒక్కచోట మారిస్తే ఆ స్టైల్ ఉన్న శీర్షికలన్నీ మారతాయి.

అధ్యాయాల నంబర్లు కూడా మనం టైపు చేయకూడదు. మల్టీలెవెల్ లిస్ట్‌లో హెడింగులతో జతచేసి ఉన్న నమూనాను ఎంచుకుంటే 1, 1.1, 1.2 అనే నంబర్లు వాటంతట అవే వస్తాయి.

ఇక లాభాలు చూడండి

ఒకటి: వ్యూ ట్యాబ్‌లో నావిగేషన్ పేన్ మీద టిక్ పెడితే ఎడమవైపు శీర్షికలన్నీ వరుసగా కనిపిస్తాయి. ఏ శీర్షిక మీద నొక్కితే అక్కడికి వెళ్ళిపోతాం. అక్కడే ఒక శీర్షికను మౌస్‌తో పట్టుకుని పైకి లాగితే దాని కింది పేరాలు, పట్టికలతో సహా అంతా కదులుతుంది. గైడు గారు చెప్పిన మార్పు నిమిషంలో అయిపోతుంది.

రెండు: రిఫరెన్సెస్ ట్యాబ్‌లో టేబుల్ ఆఫ్ కంటెంట్స్ నొక్కితే పేజీ నంబర్లతో విషయసూచిక తయారవుతుంది. మార్పులు చేశాక దాని మీద క్లిక్ చేసి ఎఫ్9 నొక్కండి. పేజీ నంబర్లు మాత్రమే మార్చాలా, మొత్తం సూచికనా అని అడుగుతుంది. మొత్తం మార్చమనడమే మంచిది.

మూడు: పట్టిక పేరును ఇన్సర్ట్ క్యాప్షన్ ద్వారా పెట్టండి. వ్యాసంలో "పట్టిక 4 చూడండి" అని రాయాల్సినచోట ఆ నంబరును క్రాస్ రిఫరెన్స్ ద్వారా తెచ్చుకోండి. దీని విలువ కూడా రాజ్యాంగమే చెబుతుంది. 2002లో 86వ సవరణ ద్వారా విద్యాహక్కును చేర్చినప్పుడు దానికి 21ఎ అని నంబరిచ్చారు. 22 అని ఇచ్చివుంటే ఆ తర్వాతి అధికరణల నంబర్లన్నీ జరిగేవి. చట్టాల్లో, తీర్పుల్లో వాటి ప్రస్తావన వచ్చినచోటల్లా గందరగోళమయ్యేది. వర్డ్‌లో మనకు ఆ ఇబ్బంది లేదు. మధ్యలో కొత్త పట్టిక చేర్చి, కంట్రోల్, ఎ కలిపి నొక్కి, తర్వాత ఎఫ్9 నొక్కితే పట్టికల నంబర్లతో పాటు వాటి ప్రస్తావనలూ సరిపోతాయి.

పేజీ నంబర్ల చిక్కు

సర్టిఫికెట్, కృతజ్ఞతల పేజీలకు రోమన్ అంకెలు, మొదటి అధ్యాయం నుంచి 1, 2, 3 కావాలని చాలా విభాగాల్లో అడుగుతారు. మొదటి అధ్యాయానికి ముందు లేఅవుట్ ట్యాబ్‌లో బ్రేక్స్‌లోకి వెళ్ళి, సెక్షన్ బ్రేకుల్లో నెక్స్ట్ పేజ్ ఎంచుకోండి. తర్వాత అధ్యాయం మొదటి పేజీ అడుగున డబుల్ క్లిక్ చేసి, లింక్ టు ప్రీవియస్‌ను తీసేయండి. అప్పుడు రెండు భాగాలకూ వేర్వేరు అంకెలు పెట్టుకోవచ్చు. రెండో భాగం 1తో మొదలవ్వాలని ఫార్మాట్ పేజ్ నంబర్స్‌లో చెప్పాలి.

తెలుగులో రాసేవారికి

తెలుగు ఎం.ఏ. తమ్ముళ్ళు యూనికోడ్‌లోనే టైపు చేయండి. పాత డీటీపీ ఫాంట్లలో చేసిన ఫైలు ఆ ఫాంటు లేని కంప్యూటరులో చదవడానికి రాదు. యూనికోడ్‌లో టైపు చేసిన మాటను అలాగే వెతకడానికీ అది పనికిరాదు. యూనికోడ్ అయితే కంట్రోల్, ఎఫ్ నొక్కి తెలుగు మాటను నేరుగా వెతుక్కోవచ్చు.

వర్డ్ కొనలేని వారికి లిబ్రేఆఫీస్ రైటర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో ఎఫ్5 నొక్కితే శీర్షికల జాబితా తెరుచుకుంటుంది. చివరగా ఫైలును పీడీఎఫ్‌గా మార్చి ప్రింటుకు ఇవ్వండి. వేరే కంప్యూటరులో పేజీలు చెదిరిపోవు. ఒక కాపీని మీ మెయిల్‌కు పంపుకోండి. పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

తమ్ముళ్ళూ, వైవాలో ఎగ్జామినర్ గారు "మీ సర్వే వివరాలు ఎక్కడున్నాయి?" అని అడిగినప్పుడు తడుముకోకుండా పేజీ తీసి చూపించగలిగితే ఆ ధైర్యమే వేరు. మీరు ఎండలో ఊరూరా తిరిగి రాసుకొచ్చిన వివరాలవి. సర్దడం రాక అవి మరుగున పడకూడదు. ప్రాజెక్టు వచ్చేదాకా ఆగకుండా పాత అసైన్‌మెంట్ ఒకటి తెరిచి ఈరోజే హెడింగులు పెట్టి చూడండి. మీకు వచ్చాక పక్క రూము తమ్ముడికి కూడా నేర్పండి.