ఈనెలతో బుట్ట
2018 అక్టోబరు 11న ఉద్దానం మీద తిత్లీ తుఫాను విరుచుకుపడినప్పుడు మా పుట్టింటి కొబ్బరిచెట్లన్నీ తెల్లారేసరికి నేలకూలాయి. నాన్నగారు వాటివంక చూడనైనా లేదు. అమ్మ మాత్రం మట్టల్లోంచి ఈనెలు తీసి కట్టలు కట్టింది. “ఇన్ని చీపుళ్లు ఎవరికమ్మా?” అన్నాను. నవ్వి, చుట్లు చుట్లుగా కుట్టే బుట్ట నేర్పింది.

మీరూ ప్రయత్నించండి. విచ్చుకోని లేత తాటాకుని ఆరబెట్టి, చిటికెనవేలి గోరంత వెడల్పు పాయలుగా చీల్చి, తడిగుడ్డలో చుట్టి ఉంచండి. ఎండిన ఈనెలైతే రాత్రంతా నానాలి. అయినా నడిమికి పనికిరావు, విరుగుతాయి. అక్కడ తాటాకు పాయల్నే మెలిపెట్టి బొడ్డులా చుట్టండి. రెండు చుట్లయ్యాక ఏడెనిమిది ఈనెలు కలిపి, పాయతో చుట్టుకుంటూ, మధ్యమధ్య దబ్బనంతో కింది వరసలోకి గుచ్చి లాగాలి. ఈనె అయిపోకముందే కొత్తది లోపలికి దూర్చాలి. వరసని పక్కన పెట్టుకుంటూ పోతే పళ్లెం, మీద పెడితే గోడ.

నేను పళ్లెమనే మొదలెట్టాను. మరీ బిగించి లాగానేమో, గిన్నెలా ముడుచుకుంది! అమ్మ అందులో తమలపాకులు పెట్టుకుంది.

ఓరోజు నాన్నగారు దాన్ని చేతిలోకి తీసుకుని, “ఇది నూతి దగ్గర చెట్టుదేనా?” అనడిగారు.

ఏ చెట్టుదో మాకేం తెలుసు! ఔనన్నాం.