పొట్లంలో ఏడు గుంటలు

“సార్, ఈ గింజ తన బరువులో మూడో వంతు నీళ్లు పీలుస్తదంటరు. మరి పట్టుకుంటే తడి తగలదేంది?”

ఎనిమిదో తరగతి పిల్లవాడి ప్రశ్న ఇది. వాళ్లక్క తెచ్చిన నోరి ప్యాకెట్‌లో, అంటే కాగితంలా పల్చగా ఎండబెట్టిన సముద్రపు నాచు అట్టల మధ్య, దొరికిన చిన్న పొట్లం వాడి చేతిలో ఉంది. ఇంత మంచి ప్రశ్న వచ్చాక ఆ రోజు పాఠం ఆగాల్సిందే.

ఆ గింజ సిలికా జెల్. పుట్టుక ఇసుక నుంచే. మన గనుల్లో బొగ్గు తీసిన ఖాళీల్లోకి గోదావరి ఇసుక పంపి నింపేవారు కదా, అందులో ఎక్కువగా ఉండే సిలికాయే ఇది. ఇసుకనూ సోడానూ కలిపి కరిగిస్తే సోడియం సిలికేట్ వస్తుంది. దాని ద్రావణంలో గంధకామ్లం కలిపితే మొత్తం పేరుకుంటుంది. కడిగి ఆరబెడితే నీళ్లు పోతాయి, నీళ్లున్న చోటు మాత్రం ఖాళీగా మిగులుతుంది. అసలు గొప్పతనమంతా ఆ ఖాళీలదే. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర ఆచార్యుడు వాల్టర్ పాట్రిక్ ఈ తయారీకి 1919లో పేటెంటు పొందాడు. అప్పటి అవసరం తిండి దాచుకోవడం కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువుల మాస్కు డబ్బాలో ఆవిరులను పట్టి ఉంచే పదార్థం కావాలి.

భూగర్భ గనిలో గ్యాలరీల గోడలన్నీ కొలిస్తే పైన కనిపించే నేలకన్నా ఎన్నో రెట్లు తేలుతుంది. సిలికా జెల్ లోపలా అంతే. ఒక్క గ్రాములో లోగోడల వైశాల్యం 700 చదరపు మీటర్ల దాకా, అంటే దాదాపు 7 గుంటలు! రంధ్రాల వెడల్పు 2, 3 నానోమీటర్లే; పది నీటి అణువులు వరసగా నిలబడితే నిండిపోతుంది. గోడల మీది హైడ్రాక్సిల్ సమూహాలు గాలిలోని నీటి అణువులను హైడ్రోజన్ బంధంతో పట్టేసుకుంటాయి. ఒక పొర మీద ఇంకో పొర చేరుతుంది. అంత ఇరుకులో ఆవిరి, బయటి గాలి పూర్తిగా చెమ్మెక్కకముందే నీరుగా మారిపోతుంది. ఆ నీరంతా లోపలి గ్యాలరీల్లోనే ఉంటుంది కాబట్టి మన వేలికి తగిలేది పొడి పైపొర. పొడి గింజల్ని నీళ్ల గిన్నెలో వేసి చూడండి, చిటపటమంటూ పగులుతాయి. తరగతిలో అలా వేసి చూపితే, ఆ చప్పుడు వినగానే అందరూ బల్ల చుట్టూ మూగారు.

దీనికో గట్టి పోటీదారుంది: పొడి సున్నం. జపాన్‌లో నోరి డబ్బాల్లో తరచుగా కనిపించేది అదే. సున్నపురాయిని 900 డిగ్రీల దాకా కాలిస్తే వస్తుంది; సిమెంటు ఫ్యాక్టరీ కొలిమిలోనూ ముందు జరిగేది ఈ పనే. 56 గ్రాముల సున్నం 18 గ్రాముల నీటిని రసాయనికంగా కట్టిపడేస్తుంది. గాలి సగం పొడిబారాక సిలికా జెల్ పట్టు సడలుతుంది, సున్నం పట్టు సడలదు. కరకరలాడాల్సిన నాచుకు సున్నమే మేలు, ఒప్పుకోవాలి. అయినా నా మనసు సిలికా జెల్ వైపే. 120 డిగ్రీల్లో గంటా రెండు గంటలు వేడిచేస్తే తాగిన నీళ్లన్నీ వదిలేసి మళ్లీ పనికొస్తుంది. సున్నం ఒకసారి తాగితే అంతే.

రెండో ప్రపంచయుద్ధంలో పెన్సిలిన్‌నూ సైనిక సామగ్రినీ పొడిగా ఉంచిన సిలికా జెల్, తరవాత చెప్పుల డబ్బాలకూ మాత్రల సీసాలకూ చేరింది.

మన ఇళ్లలో ముసురు పట్టిన రోజున ప్యాకెట్ విప్పితే నాచు కాసేపటికే మెత్తబడుతుంది. కావలసిన అట్టలు తీసి, మిగతావి పొట్లంతో సహా గాలి చొరబడని డబ్బాలో వెంటనే మూసేయాలి. ఫ్రిజ్‌లో పెడితే, బయటికి తీశాక డబ్బా చల్లదనం పోయేదాకా మూత తెరవకూడదు. లేదంటే గాలిలోని చెమ్మ అట్టల మీదే నీరవుతుంది. నీలం నుంచి గులాబీకి మారే గింజల్లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, వాటిని తిండి దగ్గరికి రానీయవద్దు. సున్నం పొట్లాన్ని చింపవద్దు, నీళ్లలో వేయవద్దు. వెల్ల వేయడానికి కుండలో సున్నం రాళ్లు నానబోసినప్పుడు కుతకుత ఉడకడం చూసినవాళ్లకు కారణం తెలుసు. ఆ సున్నం కంట్లో పడితే చూపే పోవచ్చు.