యమలోకంలో లెక్క తప్పితే

దేవుడున్నాడని నమ్మనివాడిని నాస్తికుడంటారు. తెలుగు సినిమాలో అతడికి దక్కే వేషం చాలావరకు ఒకటే: మొదటి సగమంతా గుడి మెట్లెక్కనని భీష్మించుకోవడం, చివరి రీలులో గర్భగుడి ముందు కళ్ళు తుడుచుకోవడం. 2015లో వచ్చిన ‘గోపాల గోపాల’లో దేవుడి బొమ్మలమ్ముకు బతికే నాస్తికుడు, భూకంపానికి కూలిన తన దుకాణానికి బీమా సంస్థ అది దైవఘటన అంటూ పరిహారం ఎగవేయడంతో దేవుడి మీదే దావా వేస్తాడు గానీ, అతడికి దారి చూపడానికి చివరికి ఆ దేవుడే దిగి రావలసి వస్తుంది. నాస్తికుడు నిశ్చింతగా నవ్వుకోగల చోటు తెలుగు తెర మీద వేరే ఉంది. అది యమలోకం. చిత్రమేమిటంటే, అక్కడ అతడి పక్క కుర్చీలో కూర్చుని అతడికన్నా గట్టిగా నవ్వేవాడు భక్తుడే.

పురాణాల ప్రకారం యముడు తీర్పరి, చిత్రగుప్తుడు జీవుల పాపపుణ్యాల పద్దు రాసే గణకుడు. పద్దు ఉన్న చోట పొరపాటు ఉంటుందని, పొరపాటు ఉన్న చోట దాన్ని కప్పిపుచ్చే ఉద్యోగి ఉంటాడని గ్రహించిన మన రచయితలు నరకాన్ని అచ్చం తాలూకా కచేరీలా దిద్దారు. ‘యముడికి మొగుడు’ (1988)లో ఆయువు తీరకముందే యమలోకానికి చేరిన కథానాయకుడు న్యాయం అడిగేసరికి కింద అతడి దేహం కాస్తా దహనమైపోయి ఉంటుంది. ఇక చేసేది లేక, ఖాళీ ఉన్న చోటికి బదిలీ చేసినట్టు, అతడిని అదే పోలికలున్న మరొకడి దేహంలోకి పంపుతారు. ‘యమలీల’ (1994)లో చిత్రగుప్తుడి పుస్తకం భూమ్మీదికి జారిపడగా, దాన్ని వెతకడానికి దిగివచ్చిన యముడు ఐస్‌క్రీం రుచి మరిగి, దానికి గ్రాంథికంలో హిమక్రీము అని పేరు పెడతాడు. కిరీటం, గద, కోరమీసం, గంభీరమైన సమాసాలు, వాటి నడుమ కరిగిపోతున్న ఐస్‌క్రీం: మతం మీద ఇంతకన్నా సున్నితమైన పరిహాసం దొరకడం కష్టం. ఆ రెండు చిత్రాల్లోనూ యముడు కైకాల సత్యనారాయణే కావడంతో, శ్రీకాకుళంలోనైనా అండమాన్‌లోని చౌల్దారీలోనైనా తెలుగువాడిని యముడెలా ఉంటాడని అడిగితే బహుశా ఆయన ముఖమే గుర్తుకొస్తుంది.

ఈ నవ్వుకూ భక్తికీ పేచీ లేదనడానికి 1960 ఒక్కటి చాలు. ఆ ఏడాది పి.పుల్లయ్య తీసిన ‘శ్రీ వెంకటేశ్వర మహత్యం’లో వేంకటేశ్వరుడైన ఎన్.టి.రామారావే, సి.పుల్లయ్య తీసిన ‘దేవాంతకుడు’లో యమలోకానికి వెళ్ళి అక్కడి వ్యవస్థను తలకిందులు చేశాడు. (ఇద్దరు పుల్లయ్యలు కూడబలుక్కున్న దాఖలా అయితే లేదు.) తిరుపతి యాత్ర ముగించుకుని మద్రాసు వెళ్ళి రామారావు ఇంటి ముందు దర్శనానికి నిలబడిన జనమే, 1977లో ఆయన ‘యమగోల’లో యమభటుల చేత సమ్మె కట్టిస్తే ఈలలు వేశారు.

దీని మూలం సినిమాకన్నా పాతది. దైవాన్ని తిడుతూనే కొలిచే పద్ధతిని నిందాస్తుతి అంటారు. గోల్కొండ చెరసాలలో కంచర్ల గోపన్న, అంటే భక్త రామదాసు, ఏ నగకు ఎన్ని మొహరీలు పట్టాయో రాముడికే లెక్క అప్పజెప్పి మరీ దెప్పిపొడిచాడు. దేవుడితో పద్దుల తగాదా పెట్టుకోవడం భక్తుడి హక్కుగా చెల్లిన నేల మీద, నాస్తికుడు కొత్తగా వేయగల జోకు పెద్దగా మిగలలేదు.

అయినా ఒకరు ప్రయత్నించారు. 2007లో ‘యమదొంగ’ వచ్చింది. అందులో యమపాశం దొంగిలించబడుతుంది, యమలోకంలో ఎన్నికలు కూడా జరుగుతాయి. దాన్ని తీసిన ఎస్.ఎస్.రాజమౌళి తనకు దేవుడి మీద నమ్మకం లేదని బహిరంగంగానే చెప్పారు.