అయస్కాంతముతో మనోభయమునకు చికిత్స

శ్రీరాముని బాణమునకు గురియై బ్రతికిపోయిన మారీచుడు, పిమ్మట రథమన్నను రత్నమన్నను ఆ తొలి యక్షరము చెవిని బడినంతనే వడకిపోవుచుండెడివాడట. చెట్టుచెట్టునను రాముడే కనుపించుచున్నాడని రావణునితో తానే చెప్పుకొనెను. అరణ్యకాండమున ఈ ఘట్టమును చదివినపుడెల్ల, ఇది పిరికితనము కాదు, వ్యాధియే యని నాకు తోచును.

ఇట్టి వ్యాధిని అమెరికాలోని మానసిక వైద్యులు 1980లో ‘పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్’ అను పేర తమ రోగముల పట్టికలో చేర్చిరి. ఇది యుద్ధమునుండి మరలిన సైనికులకే కాదు. మోటారు ప్రమాదము, అగ్నిభయము, బలాత్కారము, కష్టప్రసవము, వీనిలో దేనివలననైనను రావచ్చును. పీడకలలు, ఉలికిపాటు, ఆ చోటు పేరెత్తిననే గుండెదడ దీని లక్షణములు. సోదరీమణులారా, కోడలు ఇట్లు ఉలికిపడుచుండిన గాలి సోకినదని తాయెత్తు కట్టించు అత్తగార్లు నేటికిని లేకపోలేదు.

దీనికి అయస్కాంత చికిత్సను గూర్చి పరిశోధనలు జరుగుచున్నవి. మారుచుండు అయస్కాంత శక్తి విద్యుత్తును పుట్టించునని 1831లో ఫారడే కనుగొనెను. బడిపిల్లలకు మా యింటివారు తీగచుట్టతో చూపునది ఇదియే. 1985లో ఇంగ్లండునందలి షెఫీల్డు నగరమున ఆంథొనీ బార్కరు ప్రభృతులు అట్టి తీగచుట్టను తలపై నుంచి, పుఱ్ఱెను కోయకయే మెదడును ప్రేరేపించి, చేతి కండరములు కదలునట్లు చేసిరి. ఈ వ్యాధియందు తఱచుగా నుదుటికి కుడివైపు పైభాగమున దానిని నిలుపుదురు. మత్తుమందు అక్కఱలేదు. టకటక చప్పుడగును గావున చెవులలో బిరడాలుంచుదురు. సాధారణముగా వారమునకు అయిదు దినముల చొప్పున నాలుగైదు వారములు పోవలసియుండును. ఇది మూర్ఛ తెప్పించు విద్యుచ్చికిత్స కాదు. అంగళ్లలో అమ్ము అయస్కాంతపు కడియములకును దీనికిని పొత్తు లేదు. కదలక మెదలక యుండు అయస్కాంతము విద్యుత్తును పుట్టింపజాలదు గదా!

తలనొప్పి కొందఱికి కలుగును. మూర్ఛ బహు అరుదు. తలలో లోహపు తునకలున్నవారును, మూర్ఛరోగులును ముందుగా వైద్యునితో చెప్పితీరవలెను.

ఫలమెంత యందురా? అమెరికా ప్రభుత్వ మండలి దీనిని మనోవిషాదమునకు 2008లోను, మనసును వదలని చాదస్తపు రోగమునకు 2018లోను అనుమతించినది. ఈ భయవ్యాధి విషయమున మాత్రము, కొన్ని పరిశోధనలలో మేలు కనబడినను, నిర్ణయించుటకు ఆధారములు చాలవని ఆ దేశపు సైనిక వైద్య శాఖలు 2023లో వ్రాసినవి. శిక్షణ పొందిన వైద్యుని యెదుట జరిగినదానిని కొంచెము కొంచెముగా చెప్పుకొని, భయమును ఎదుర్కొను చికిత్సకే వారు పెద్దపీట వేసిరి. ఈ రెంటిని జతపరచి చూచినవారును కలరు.