లైనక్స్‌లో సుడో: అన్ని కమాండ్లూ కాదు, కావాల్సిన ఒక్కటే ఇవ్వడం ఎలా?

ఉబుంటులో ఒక యూజర్‌ని సుడో గ్రూప్‌లో కలిపితే సిస్టమ్ తాళాలన్నీ ఇచ్చేసినట్టే. చాలాసార్లు అంత అవసరం ఉండదు. రాజమండ్రిలో ఒక కాలేజీ ల్యాబ్ ఉందనుకోండి. ల్యాబ్ అసిస్టెంట్ అపాచీ సర్వర్‌ని రీస్టార్ట్ చేయగలిగితే చాలు. మా గోదావరి కాలవ మీద లస్కరు తన లాకు చూసుకుంటాడు, ధవళేశ్వరం బ్యారేజీ గేట్లన్నీ అతని చేతిలో పెట్టరు కదా! సుడోలోనూ అలాగే చేయొచ్చు.

ఎలా సెట్ చేయాలి?

1. ముందు ఆ యూజర్‌ని సుడో గ్రూప్ నుంచి తీసేయండి. లేదంటే పాత పవర్ అలాగే ఉంటుంది, కొత్త రూల్ రాసినా లాభం లేదు.

2. సుడోయర్స్ ఫైల్‌ని మామూలు ఎడిటర్‌తో ముట్టుకోవద్దు, విసుడో వాడండి. సింటాక్స్ తప్పుంటే అది ముందే చెప్తుంది. /ఈటీసీ/సుడోయర్స్.డి/ ఫోల్డర్‌లో వేరే ఫైల్ పెట్టుకుంటే ఇంకా మంచిది. ఆ ఫైల్ పేరులో చుక్క మాత్రం ఉండకూడదు, ఉంటే సుడో దాన్ని చదవదు.

3. అందులో ఈ లైన్ రాయండి (టైప్ చేసేది ఇంగ్లిష్‌లోనే, 'ఆల్' పెద్ద అక్షరాల్లో):

ల్యాబ్1 ఆల్=(రూట్) /యూఎస్ఆర్/బిన్/సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ అపాచీ2

కమాండ్‌కి పూర్తి పాత్ ఇవ్వాలి. 'రీస్టార్ట్ అపాచీ2' అని రాశాం కాబట్టి అదొక్కటే నడుస్తుంది. అది రాయకుండా వదిలేస్తే సిస్టమ్‌సీటీఎల్‌తో ఏ సర్వీస్‌నైనా ఆపేయొచ్చు.

అసలు చిక్కు ఇక్కడే

'అన్నీ ఇచ్చి, ఒకటి రెండు బ్లాక్ చేద్దాం' అనుకోవద్దు. బ్లాక్ చేసిన ప్రోగ్రామ్‌ని వేరే పేరుతో కాపీ చేసుకుంటే రూల్ పనిచేయదు. 2019లో బయటపడ్డ బగ్ కూడా ఇలాంటిదే: 'రూట్‌గా తప్ప ఎవరిగానైనా' అనే రూల్ ఉన్నచోట, యూజర్ ఐడీ మైనస్ 1 ఇస్తే రూట్‌గానే కమాండ్ నడిచేది. 1.8.28 వెర్షన్‌లో సరిచేశారు.

ఇంకోటి, విమ్, లెస్ లాంటివి సుడోతో ఇవ్వొద్దు. వాటి లోపలి నుంచే షెల్ ఓపెన్ చేయొచ్చు, అది రూట్ షెల్ అవుతుంది. ఫైల్ ఎడిట్ చేయడానికే అయితే సుడోఎడిట్ ఇవ్వండి. అందులో ఎడిటర్ మామూలు యూజర్‌గానే నడుస్తుంది.

చివరగా, ఆ యూజర్‌ని లాగవుట్ చేసి మళ్లీ లాగిన్ అవ్వమని, 'సుడో -ఎల్' కొట్టించండి. లిస్ట్‌లో మీరు రాసిన ఒక్క కమాండే కనిపిస్తే పని అయినట్టే. రెండోది కనిపించిందంటే ఇంకో రూల్ ఎక్కడో మిగిలే ఉంది, వెతకండి.