సైటిస్

తిరుపతిలో ఎర్రచందనం దుంగలు పట్టుబడ్డప్పుడల్లా వార్తల్లో ఈ పేరు కనబడుతుంది. ముప్పులో ఉన్న వన్యప్రాణులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందమిది. 1973లో వాషింగ్టన్‌లో కుదిరి, 1975లో అమల్లోకొచ్చింది. మన దేశం 1976లో చేరింది. ఇందులో మూడు జాబితాలున్నాయి. పులి మొదటిదాంట్లో ఉంది, దాని వ్యాపారం దాదాపు నిషిద్ధం. శేషాచలం, ఆ చుట్టుపక్కల కొండల్లో తప్ప సహజంగా ఇంకెక్కడా పెరగని ఎర్రచందనం 1995 నుంచి రెండోదాంట్లో ఉంది. అంటే అమ్మొచ్చు, కాకపోతే ఎగుమతితో జాతికి ముప్పు రాదని తేల్చాకే అనుమతి పత్రం ఇవ్వాలి. చేవదేరిన దుంగ చైనాలో ఖరీదైన కుర్చీ అవుతుంది, జపాన్‌లో షామిసెన్ వాద్యమవుతుంది. గిరాకీ అక్కడ, గొడ్డలి ఇక్కడ. సైటిస్‌కు సొంత పోలీసులు లేరు. కొండెక్కి కాపు కాయాల్సింది మన అటవీ సిబ్బందే. ఎర్రచందనం వ్యాపారంపై 2004 నుంచి మన దేశాన్ని సైటిస్ ప్రత్యేక సమీక్షలో ఉంచింది. 2023 నవంబరులో జెనీవా సమావేశం దాన్ని ఎత్తేసింది. పొలాల్లో ఈ చెట్లు పెంచుకుంటున్న రైతులకు అది మంచి కబురే.